మేనమామ వచ్చేదాకా

సలీమా ఊరి సంతలో మందాసీలనే తీపి పిండి ఉండలు వేయించి అమ్మే ఫలేసి నోటికి జడిసి పక్క కొట్టువాళ్లు ఆమె నీడలోకి బుట్ట కూడా జరిపేవారు కాదు. సైజు తగ్గిందని ఎవరైనా గొణిగితే, "నీ మొహానికి చంద్రుణ్ణి వేయించి పెట్టాలా?" అని నలుగురూ వినేలా దులిపేసేది.

అంతటి మనిషి ఎనిమిదో నెల కడుపుతో మలేరియా తగిలి, ఒంట్లో రక్తం అడుగంటి జిల్లా ఆసుపత్రి మంచమెక్కింది. రక్తం సంచి సిద్ధంగా ఉంది. డాక్టరు ఆమె వంక చూడకుండా, పక్కనున్న భర్త లైసన్‌ను అడిగాడు.

"ఎక్కించమంటారా? ఆలస్యమైతే బిడ్డ దక్కదు."

లైసన్ తల గోక్కున్నాడు. "నేను అత్తారింట్లో ఉంటున్న అల్లుణ్ణండీ. మా ఆవిడ విషయంలో మాట వాళ్ల మేనమామది. కబురు పెట్టాను, వస్తాడు. ఆయన్ని దాటి నేను ఊ అంటే, రేపేదన్నా అయితే నన్ను ఊళ్లో ఉండనిస్తారా?"

అతణ్ణి అనడానికీ లేదు. అక్కడ ఆడపిల్లకు పెళ్లయినా, రోగమొచ్చినా ముందు నిలబడేది మేనమామే. ఆ మామ జోసమ్ ఎక్కడో సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్నాడు. మరి మంచం మీదున్న మనిషి ఆ డాక్టరు కళ్లకు ఆనలేదా?

ఫలేసికి అన్నీ వినబడుతూనే ఉన్నాయి. 'ఎక్కించండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరి రక్తమో అన్న భయం ఒకటి, మామను కాదని తానే చెబితే ఆయన తల కొట్టేసినట్టవుతుందన్న జంకు ఒకటి. కడుపులో బిడ్డ గట్టిగా తన్నింది. ఆమె అటు తిరిగి పడుకుంది.

పొద్దు వాలాక జోసమ్ సైకిలు దిగి చేపల వాసనతోనే పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు.

"ఇదీ అడగాల్సిన మాటేనా? నాకోసం కూచున్నారా? ఎక్కించండయ్యా!" మేనకోడలి వైపు తిరిగాడు. "నువ్వైనా అనకపోయావా తల్లీ? నేను వద్దంటానా?"

రక్తం ఎక్కింది, ఆమె బతికింది. బిడ్డ మాత్రం అప్పటికే కదలడం మానేసింది. ఆ రాత్రే చచ్చి పుట్టాడు, మగపిల్లాడు. గుడ్డలో చుట్టి ఊరి ముసలమ్మలు పూడ్చడానికి తీసుకెళ్లారు. మామను తిట్టుకుందామంటే ఆయన రాగానే సరేనన్నాడు. మొగుడు చూస్తే ఊరి మర్యాద తప్పలేదు. ఇక మిగిలింది తానే అనుకుంది ఫలేసి. పాపం, ఆమె తప్పు కాదంటే మాత్రం వింటుందా?

మర్నాడు ఒక నర్సు రెండో సంచి పట్టుకొచ్చింది. లైసన్ లేచి నిలబడ్డాడు. నర్సు అతణ్ణి దాటొచ్చి మంచం అంచున కూచుంది.

"అమ్మా, ఇంకో సంచి పడితే తేరుకుంటావు. చలి గానీ దురద గానీ వస్తే వెంటనే పిలువు. మరి ఎక్కించమంటావా?"

"ఎక్కించు" అంది ఫలేసి.

అంత సులువుగా వచ్చేసింది ఆ మాట. ఆమె దుప్పటి మొహం మీదికి లాక్కుని, వార్డంతా వినబడేలా ఏడ్చింది.