ఇల్లున్నవాళ్ల వీసా

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే బస్సులో నా పక్కన ఒక టర్కీ యువకుడు కూర్చున్నాడు. ముందు సీట్లోంచి, చేపలు అమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికి వెళ్తున్న ఒకావిడ వెనక్కి తిరిగి అతన్ని అడిగింది.

"ఏ ఊరు బాబూ? ఎవుల తాలూకు?"

మా వైపు ఈ ప్రశ్న అందరికీ తప్పదు. దానికి గట్టి జవాబు ఉండటమొక్కటే మా వంశానికి మిగిలిన ఆస్తి.

ఆవిడ ప్రశ్నను నేను ఇంగ్లీషులో చెబితే అతను నవ్వాడు.

"వీసా ఆఫీసులోనూ ఇదే అడుగుతారు. మీ దేశం రానిచ్చింది. జర్మనీలో ఉన్న అక్కను చూసొస్తానంటే మాత్రం రెండుసార్లు కాదన్నారు. తిరిగి వెళ్తావని నమ్మకమేమిటి, ఇల్లుందా అన్నారు. మా ఇల్లు భూకంపంలో పోయింది."

ఆ మాట ఆవిడకు తెలుగులో చెప్పాను.

"తోబుట్టువుని సూడ్డానికీ ఇల్లుండాలేటి?" అంది.

"మరి మీరు?" అని అతను నన్ను అడిగాడు. నేను నిటారుగా కూర్చుని మా దివాణం పేరు, ఏనుగు పట్టే దాని సింహద్వారం గురించి ఇంగ్లీషులో చెప్పాను. దివాణం పేరు ఆవిడ చెవిన పడింది.

"ఆ దివాణం బాబుగారా మీరు? అది అమ్మీసినారు కదేటి! మా మేనకోడలి పెళ్లి అక్కడే సేసినాం. ఫంక్షన్ హాలు బాగుంటాది."

అతనికి తెలుగు రాదు.

"మీకైతే అడగ్గానే వీసా ఇస్తారు," అన్నాడు మనస్ఫూర్తిగా.



ఈమధ్య ఎవరైనా ఎవరి తాలూకు అని అడిగితే, ఊరి పేరు చెప్పి ఊరుకుంటున్నాను.