మూత కనబడితే వాక్కాయ

మూత పెట్టిన గిన్నె కనబడితే చాలు, ఆళ్లగడ్డ దానమ్మకు చెయ్యి ఆగేది కాదు. ఎవరిల్లు, ఏం వండుతున్నారు అనే విచారణే లేదు. తిన్నగా వంటింట్లోకి పోవడం, మూత ఎత్తడం, కొంగులోంచి గుప్పెడు పుల్లటి వాక్కాయలు తీసి లోపల పడేయడం.

ఆ కాయలు ఆమె సొంత పంట. ఇంటి చుట్టూ గోడకు బదులు వాక్కాయ కంచె. బియ్యం కడిగిన నీళ్లన్నీ ఆ పొదలకే. కాయలు కోసీ కోసీ, ముళ్లు గీరి, పాలు జిగురుగా అంటుకుని ఆమె చేతులు పిల్లి పీకిన చాపల్లా ఉండేవి. కాయలు లేని నెలల్లోనూ ఊరికి విశ్రాంతి లేదు. గింజలు తీసి, ఉప్పు పట్టించి ఎండబెట్టిన ఒరుగులు కొంగులో సిద్ధం.

పప్పులో వేస్తే సరే. పాస్టరు జకరయ్యగారింట్లో పాలగిన్నెలోనే వేసింది. పాలు విరిగాయి.

"ఏందమ్మా ఈ పని!" ఆయన నిర్ఘాంతపోయాడు.

"జున్ననుకోండయ్యా. మొన్న ఆదివారం ఓర్పు గురించి మీరే చెప్తాంటిరి గదా."

లింగమ్మ కూతురి పెండ్లిలో పాయసం అండాకు ఇద్దరు మగవాళ్లను కాపలా పెట్టారు. అయినా ఎప్పుడు వేసిందో వేసింది. పాయసం తాగిన పెండ్లికొడుకు ఒక కన్ను మూసి చాలాసేపు తెరవలేకపోయాడు. ఫోటోలో అట్లే పడ్డాడు.

వీధిలో ఆడవాళ్లు మూతల మీద రుబ్బురోటి పొత్రాలు పెట్టి చూశారు. దానమ్మ పొత్రం దించి, మూత తీసి, కాయలు వేసి, మళ్లీ మర్యాదగా పొత్రం పెట్టి పోయేది.

ఎదురింటి జీవరత్నానికి మాత్రం నవ్వొచ్చేది కాదు, వణుకొచ్చేది. డెబ్బైరెండులో వానలు ఎగ్గొట్టాయి. మొగుడు సుందరరాజు నంద్యాల పత్తిమిల్లులో పని దొరుకుతుందేమోనని బస్సెక్కి పోయాడు. కబురు లేదు. ఇంట్లో గింజ లేదు. అయినా పొయ్యి వెలగకపోతే వీధికి తెలిసిపోతుంది. అందుకని వేళకు పొయ్యి రాజేసి, కుండలో ఉత్తనీళ్లు పోసి, మూతపెట్టి మరిగించేది. ఆమె పరువంతా ఆ మూత కిందే ఉంది.

ఒక మధ్యాహ్నం దానమ్మ గడప దాటి లోపలికొచ్చింది.

"వద్దత్తా! ఇంకా ఉడకలేదు!"

"ఉడికినాక ఏసేదేముంది మే? జరుగు అవతలికి."

జీవరత్నం రెండు చేతులతో మూతను అదిమి పట్టుకుంది. వేలికి ఆవిరి తగిలి చురుక్కుమంది. చెయ్యి వెనక్కి లాక్కునేలోపు మూత లేచింది.

కుండలో నీళ్లు కుతకుతలాడుతున్నాయి. దానమ్మ నోరంటే ఊరి దండోరా. ఇక అయిపోయింది అనుకుంది జీవరత్నం.

దానమ్మ కొంగు విప్పింది. పైన వాక్కాయలు, కింద కందిపప్పు. అంతా కుండలోకి వంపింది. రొంటిన దోపుకున్న మూట తీసి జొన్నపిండి చాటలో గుమ్మరించింది. గడప దాటి వీధి అదిరేలా అరిచింది.

"చూడండే ఈ జీవరత్నం దుబారా! ఒక్క మనిషికి కుండెడు పప్పు వండుతాంది! నా కాయలు పట్టేకి సందే లేదు!"

"మొగుడు ఆడ కష్టపడతాంటే, ఈమె ఈడ కుండలు నింపుతాంది!" లింగమ్మ మూతి తిప్పింది.

తిట్లు తింటుంటే జీవరత్నానికి అప్పుడు అర్థమైంది. నీళ్లు మరిగే ఇల్లేదో తెలియాలంటే మూత ఎత్తాలి. ఒక్క ఇంటి మూతే ఎత్తితే ఆ ఇల్లు పలచనైపోతుంది. అందుకే పాస్టరుగారి పాలు విరిగాయి. అందుకే పెండ్లికొడుకు కన్ను మూతపడింది.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. సుందరరాజు తిరిగొచ్చి మడక పట్టి పొలం దున్నాడు. ఒకనాడు అన్నానికి కూర్చుని, మొదటి ముద్దకే ఎగిరిపడ్డాడు.

"ఏందే ఈ పులుపు! నోట పెట్టేకి లేదు! దానమ్మత్త గానీ వచ్చిందా?"

"వచ్చింది. మూత తీసి బాగా చూసింది. ఉత్త కాయలే ఏసి పోయింది." జీవరత్నం నవ్వు ఆపుకోలేక ఇంకో గరిటె వడ్డించింది. "తినయ్యా, మనం బాగుండామంట!"