ఎర్రమన్ను కింద మిడత

మా చిన్నాయన లారీ నీలం రంగుదని నాకు చాలా రోజులు తెలియదు. కొన్నప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. సెలవులకు వచ్చేసరికే అది ఎర్రగా ఉంది. ఇనుప మన్ను ఓడలెక్కి దేశాలు దాటుతున్న కాలం అది. బళ్ళారి చుట్టుపక్కల రోడ్డు పక్క తుమ్మచెట్లు, దండెం మీది పంచెలు, గేదెల వీపులు, టీ అంగడి బల్లలు, చిన్నాయన మీసం, అన్నిటిదీ ఒకటే రంగు. తరతరాలుగా సేద్యం చేసిన ఇల్లు మాది. బోర్లు ఎండిపోయాక చిన్నాయన చేను కొంత అమ్మి లారీలు పెట్టాడు, యశ్వంతనగర్ వైపు గనుల నుంచి మన్ను తోలేవాడు. నేనేమో పురుగుల మీద పరిశోధనకు చేరాను. ఎవరన్నా అడిగితే "మా పాప పురుగులు లెక్కబెడతాండాది" అని చెప్పి నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండేది. లెక్కబెట్టడం కాదు, ఇంతకు ముందు ఎవరూ పేరు పెట్టనిదేదో తేల్చడం నా పని అని ఎన్నిసార్లు చెప్పినా, ఆయన అంతే గంభీరంగా తలూపి, మరుసటి రోజు మళ్ళీ అదే మాట అనేవాడు.

బండ్రి ఊరు దాటాక ఒక గుట్ట ఉంది. దాని పడమటి వాలులో, తంగేడు పొద మీద, నాకు ఒక మిడత దొరికింది. వేలి కణుపంత పొడవు, పుల్లలాగా సన్నం. రెక్కలు లేవు. ఊడిపోవడం కాదు, ఆ జాతికి అసలు రెక్కలే రావు. ఎగరలేదు కాబట్టి పుట్టిన గుట్ట దాటి పోలేదు. గుట్టకూ గుట్టకూ మధ్య ఉన్న జొన్నచేలు దానికి సముద్రంతో సమానం. అలా ఒకే గుట్ట మీద వేల తరాలు పుట్టి పెరిగి, పక్క గుట్ట మీది చుట్టాలకు మెల్లమెల్లగా పరాయివైపోతాయి. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను కిటికీలోంచి సండూరు కొండల వరసను చూస్తూ కూర్చున్నాను. ఒక్కో గుట్టకూ ఒక్కో మిడత ఉండొచ్చు. ఎవరూ చూసి ఉండరు.

నాకు దొరికిన ఆడమిడత మొత్తం ఇటుక రంగులో ఉంది. ఈ జాతుల గురించి ఇంతకు ముందు అచ్చయిన వర్ణనలన్నీ తిరగేశాను. దాని చుట్టాలన్నీ ఆకుపచ్చవో గడ్డిరంగువో. ఎర్రది ఒక్కటీ లేదు. కాకిపిల్ల కాకికి ముద్దు అన్నట్టు ఆ మిడత నాకు లోకంలోకెల్లా అందమైన ప్రాణిగా కనబడింది. వర్ణన రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యమే, "దేహమంతా ఇటుక ఎరుపు, కళ్ళు, కాళ్ళు కూడా అదే రంగు."

ఎండబెట్టిన ఆ మిడతను తీసుకుని మా గురువుగారి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కన్నడావిడ, కాలేజీ నుంచి రిటైరై, ఇంట్లోనే ఒక గదిలో సూక్ష్మదర్శిని పెట్టుకుని పనిచేసేవారు. నాతో తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవారు. నా వాక్యం చదివారు, మిడత వంక చూశారు, లేచి వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో సబ్బునీళ్ళు తెచ్చారు. మెత్తటి కుంచెతో ఒక్కసారి నిమిరారు. నీళ్ళు ఎర్రబడ్డాయి. నా కొత్త జాతి లేత గడ్డిరంగులో తేలింది.

"లారీ దుమ్ముకు పేరు పెట్టేదానికి వచ్చినావేనమ్మా?" అన్నారు.

వేరే ఊరివాళ్ళెవరైనా ముందు దాన్ని ఉఫ్‌మని ఊది చూసేవాళ్ళు. నాకు ఆ ఆలోచనే రాలేదు. ఎర్రగా ఉండటం వస్తువుల స్వభావమని నమ్మే చోట పెరిగినదాన్ని మరి. ఏడుపొచ్చినంత పనైంది. గురువుగారు మాత్రం కడిగిన మిడతను సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఎంతకీ కన్ను తియ్యలేదు.

"నోడు. ముఖం చూడు, మెడ పక్కన ఈ సున్నపు గీత చూడు," అన్నారు చివరికి. "రంగు తప్పు రాసినావు గానీ, ఇది నాకు తెలిసినదాంట్లో ఏదీ కాదు. ప్రాణంతో ఉన్నప్పుడు పచ్చగా ఉండి ఉండాల. ఎండితే పచ్చ నిలవదు. గండుది తీసుకురా. గండుది చూడకుండా పేరు పెట్టేది లేదు."

గండుది అంటే మగది. ఈ మిడతలకు పేరు పెట్టడంలో ఆచారం అది. ఆడవి అన్నీ ఒకలాగే ఉంటాయి. మగదాని తోక చివర రెండు చిన్న కొక్కేలుంటాయి, వాటి వంపును బట్టే ఏ జాతో చెప్తారు. ఆ కొక్కెం కొత్తదైతేనే మిడత కొత్తది.

ఇంటికొచ్చి ఇదంతా చెప్పి, పేరు మాత్రం ఇప్పటికే ఆలోచించి పెట్టానని కూడా అన్నాను. చిన్నాయన అన్నం కలుపుతూ, "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమంట," అన్నాడు. తరవాత చెయ్యి ఆపి, "యా గుట్టమ్మా అది?" అని అడిగాడు. చెప్పాను.

"ఆ పడమటి వాలు మీదికి వానలకు ముందే మిషన్లు ఎక్కతాయి."

"నీకెవరు చెప్పినారు?"

"చెప్పేదేంది. మన్ను తోలేది మన లారీలే గదా."

ఆ పూట నేను ఆయన్ని చాలా మాటలన్నాను. వద్దని చెప్పలేవా అన్నాను. "నేను ఎత్తకపోతే నా ఎనకలుండే లారీ ఎత్తుతాది. మన్ను నిలబడదమ్మా," అన్నాడు, కోపం లేకుండానే. నా చదువు కూడా ఆ లారీల మీదే నడుస్తోంది. అది గుర్తొచ్చినా కోపం పోలేదు.

ఆ ఎండాకాలమంతా గుట్టెక్కాను. ఎర్ర నేల, ఎర్ర ఆకులు, వాటి మీద ఎర్రమన్ను కప్పుకున్న మిడతలు. పొదలో చెయ్యి పెట్టినా కనబడేవి కావు. ఒకటో రెండో ఆడవి దొరికాయి, కొన్ని పిల్లలు దొరికాయి, మగది దొరకలేదు. కింద యంత్రాల కోసం బాట వేయడం మొదలైంది. ప్రతి రోజూ బాట కొంచెం పైకి వచ్చేది. నేను దాన్ని చూడకుండా పొదల్నే చూసేదాన్ని.

ఒక సాయంత్రం గాలి, ఉరుములు, కుండపోత. కాలానికి ముందే వచ్చిన వాన. తెల్లవారి చూస్తే రోడ్డంతా ఎర్ర బురద, లారీలు వరసగా ఆగిపోయాయి. చిన్నాయనకు పని లేదు. జీపు తీసి, "పా, నీ మొగోణ్ణి ఎతుకుదాం," అన్నాడు.

గుట్ట మొదట్లో జీపు దిగి నేను కదల్లేకపోయాను. వాలంతా పచ్చగా ఉంది. తంగేడు పచ్చ వేరు, బందారు పొదల పచ్చ వేరు, గడ్డి పచ్చ వేరు. రాళ్ళు కూడా నల్లగా, నీలంగా మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎక్కి దిగిన గుట్టను ఆ పొద్దే మొదటిసారి చూస్తున్నాను. చిన్నాయన తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేను చిన్నప్పుడు ఇట్లే ఉండె ఇది. మర్సేపోయినా," అన్నాడు.

పొదల్లో మిడతలు. ఒకటి కాదు, రెండు కాదు. కొమ్మ కొమ్మకూ ఉన్నాయి, తడి ఆకు పచ్చ, చెంప నుంచి తొడ దాకా తెల్లటి గీత, కాళ్ళ చివర్లు లేత గులాబీ. ఎండలో మీసాలు తుడుచుకుంటున్నాయి. ఇవన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి, ఎప్పుడూ ఉన్నాయి. మనిషి పుట్టక ముందు నుంచి ఈ వాలు మీద ఇలాగే తెల్లారుతోంది వీటికి. దేవుడి ఎదుట నిలబడినప్పుడు కూడా నాకు అంత భయమూ అంత సంతోషమూ కలిసి రాలేదు.

"ఈడ చూడమ్మా," అని చిన్నాయన మెల్లగా పిలిచాడు. "పాపం, పిల్లను మోస్తాండాది."

ఒక ఆడమిడత వీపు మీద, దానిలో సగం కూడా లేని ఇంకో మిడత కూర్చుని ఉంది.

"పిల్ల కాదు చిన్నాయనా. మొగుడు."

ఆయన వంగి మళ్ళీ చూశాడు. "ఇంతేనా వీడు," అన్నాడు. నేను నవ్వాపుకోలేకపోయాను.

ఆ చిన్నదాన్ని పట్టి మందు దూది ఉన్న సీసాలో వేశాను. అవసరమైనన్ని మాత్రమే పట్టాను. సీసాలో అది కదలడం మానేదాకా చిన్నాయన చూస్తూ ఉన్నాడు. "నామకరణానికి సంపుతారా ఎవరన్నా?" అన్నాడు. ఈసారి ఎగతాళి లేదు. నాకు జవాబు తెలుసు, పుస్తకాల్లో ఉంది, కానీ నేను సీసా మీద గుట్ట పేరు రాయడం మొదలుపెట్టాను.

గురువుగారి గదిలో మగమిడత తోక చివర చూశాం. కొక్కేలు రెండూ లోపలికి తిరిగి, కొస దగ్గర చిన్న గాటుతో ఉన్నాయి. ఏ వర్ణనలోనూ అలాంటివి లేవు. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మన ఇద్దరికీ తప్ప ఈ లోకంలో యారికీ తెలీదమ్మా ఇది," అన్నారు. కన్నడలో ఇంకేదో మెల్లగా అనుకున్నారు. నేను ఆవిడ కాళ్ళకు దణ్ణం పెట్టాను.

వర్ణన మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఏ ఒక్క మిడతను చూసి పేరు పెట్టామో దానికి ఎర్ర చీటీ గుచ్చాలి, అది ఎక్కడ దొరికిందో అచ్చులో చెప్పాలి. నేను గుట్ట పేరు, వాలు దిక్కు, పొద పేరు రాశాను. రంగు దగ్గర, "ఆకుపచ్చ, వాన కడిగాక చూసినది," అని రాస్తే గురువుగారు రెండో ముక్క కొట్టేశారు. అచ్చయి వచ్చేసరికి అక్కడ వాలు లేదు. మెట్లు మెట్లుగా తవ్విన గొయ్యి ఉంది. చుట్టుపక్కల గుట్టలు ఎక్కాను, ఇంకా ఎక్కుతున్నాను. వేరే మిడతలు దొరికాయి. అది దొరకలేదు.

అచ్చయిన వర్ణన చూపించిన రోజు చిన్నాయన ఆ మిడతను సూక్ష్మదర్శినిలో చూస్తానన్నాడు. గురువుగారి గదికి తీసుకెళ్ళాను. ఎర్ర చీటీ ఉన్న మగదాన్ని చూశాడు. తరవాత మొట్టమొదట దొరికిన ఆడదాన్ని పెట్టాను, సబ్బునీళ్ళతో కడిగినదాన్ని. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"మోకాలి సందులో ఎర్రగా ఉండాదే, ఏంది?"

"మన్ను. ఎంత కడిగినా అది రాలేదు."

"ఆ గుట్టదేనా?"

"ఆ గుట్టదే."

ఆయన కన్ను తియ్యలేదు. "మేము ఎత్తకుండా మిగిలింది ఇంతేనేమో," అన్నాడు. అప్పుడు లేచి, "కడగొద్దులేమ్మా, ఉండనీ," అన్నాడు.