తాడియస్ బావ రెండో కన్ను

మా మొరూగా ఊళ్లో తాడియస్ లెజామా అంత మొండివాడు లేడు. కోకో తోటలో కాయలు కోసే మనిషి, మా అక్క మెర్ల్ మొగుడు. ఇరవై ఏళ్ల కిందట కార్నివాల్ పండుగ కర్రసాములో రూఫస్ అనేవాడు కొట్టిన దెబ్బకు ఎడమ కన్ను పోయింది. అయినా తనే లేచి, గోదా నడుమ ఉన్న గోతి దగ్గరికి నడిచి, మా పద్ధతి ప్రకారం తల వంచి రక్తమంతా అందులో కార్చి, ఇంటికెళ్లి కడుపునిండా తిన్నాడు. మళ్లీ గోదాలో దిగనని అక్క ఆయనచేత ఒట్టు వేయించుకుంది.

ఆ ఒట్టు సినిమావాళ్లు చెడగొట్టారు. రాజధాని నుంచి మిస్ కారింగ్టన్ అనే ఆవిడ మా కార్నివాల్ మీద డాక్యుమెంటరీ తీస్తానని కెమెరాతో దిగింది. బావ గోదాలో దిగి ఉత్తుత్తి ఆట ఆడితే చాలంది. ఎదురుగా రూఫస్ కొడుకు కెల్వన్‌నే నిలబెట్టమంది. ఆవిడకు కథ కావాలి మరి!

“తల మీద దెబ్బ లేదని వాడూ నేనూ అనుకున్నాం. నువ్వు మాత్రం మెల్లగా వాయించరా,” అన్నాడు బావ, గోదా పక్కన డోలు వాయించే నాతో. “డోలు ఉరికిందంటే నా చెయ్యి నా మాట వినదు. వాడిదీ వినదు. ఉన్నది ఒక్క కన్ను.”

“నాకా చెప్తున్నావు బావా? పో, పోయి నిలబడు.”

మెల్లగానే మొదలుపెట్టాను. కాసేపటికి మిస్ కారింగ్టన్ నా వైపు తిరిగింది. “ఏంటండీ, జోలపాటలా ఉంది. మీ డోలు ఇంతేనా?”

ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను. ఆ మాటకు నా ఒళ్లు మండింది. వేగం పెంచాను.

“ఒకటి మా నాన్న తీశాడు, రెండోది నాకోసం దాచావా ముసలోడా!” అని కెల్వన్ అరిచాడు. బావ కర్ర వాడి చెవి మీద పడింది. చెవి చీలి వేలాడింది. వాడు ఆగలేదు. బావకు కనిపించని వైపు నుంచి వచ్చి కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు డోలు మోతలోనూ వినిపించింది. గోదా చుట్టూ పాడుతున్న జనం ఆగలేదు. సిగ్గులేని నా చేతులూ ఆగలేదు. మూడో దెబ్బ కుడి కంటి మీద పడింది.

అప్పుడు ఆపాను. బావ కర్రతో నేల తడుముతూ గోతి కోసం వెతికాడు. దొరికిందనుకుని, గోతికి అడుగు దూరంలో తల వంచి రక్తం నేల మీద కార్చాడు. ఇటు కాదు బావా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తప్పంతా కెల్వన్‌దేనని ఊరు తేల్చింది. వాడు ఊరొదిలి పోయాడు. అక్క వాడి వంశాన్నే శపించింది. నేను పక్కనే నిలబడి తల ఊపాను.

ఏడాది తర్వాత ఆ సినిమా చర్చి హాల్లో వేశారు. బావ నా పక్కన కూర్చుని విన్నాడు. తెర మీద కర్రలు తగులుకుంటుంటే జనం ఈలలు వేశారు. ఉన్నట్టుండి ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

“వాడు అరవకముందే డోలు ఉరికింది కదరా.”

నేను చెయ్యి లాక్కోబోయాను. ఆయన వదల్లేదు.

“ఏడాది పొడుగునా వాణ్ని తిట్టుకున్నాను. నువ్వు పక్కన కూచుని విన్నావు.”

నా చెయ్యి వదిలేశాడు. “మెర్ల్, ఇంటికి పోదాం పద,” అన్నాడు. రోజూ నా భుజం పట్టుకుని నడిచే మనిషి, ఆ రోజు అక్క భుజం పట్టుకుని వెళ్లిపోయాడు.