జీపుకు కందెన

దాసన్న వంశంలో అందరూ బండి తోలినవాళ్లే. తాత తోలాడు, నాయన తోలాడు. ఇక దాసన్న బండి నొగ మీద కూర్చుంటే చాలు, ఎద్దులు వాటంతట అవే దారి చూసుకునేవి. అంతటివాడి నెత్తిన జీపు వచ్చి పడింది. కర్నూలు రాజధాని అయ్యాక అక్కడికి ఎద్దులబండి మీద పోతే మర్యాదేముందని, కోడుమూరు పక్కపల్లె బాలిరెడ్డి మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత జీపొకటి కొనుక్కొచ్చి, "దాసన్నా, ఇంక నువ్వు డ్రైవరువప్పా" అన్నాడు. ఇంకేముంది, జీపు తోలడం నేర్చుకున్న పూట నుంచి దాసన్న నడకే మారిపోయింది. అంతవరకు "మా ఇంటాయన" అంటూ ఉండిన పెళ్లాం గిడ్డమ్మ కూడా బావి దగ్గర "మా డ్రైవరు" అనడం మొదలుపెట్టింది.

మనిషి మారాడు గానీ చేతి అలవాటు ఎక్కడికి పోతుంది? ఒకనాడు కుడివైపు వెనక చక్రం కీచుమంది. కీచుమన్న చక్రానికి కందెన పెట్టడం ఊహ తెలిసినప్పటి నుంచి చేసిన పనాయె! గడ్డి కాల్చిన మసి ఆముదంలో నూరి, ఇరుసు బోల్టులు విప్పి, లోపల దండిగా కూరి, ఎవరూ చూడకముందే బిగించేశాడు. కీచు ఆగింది. దాసన్న మీసం దువ్వుకున్నాడు. కొన్నాళ్లకు అదే చక్రం గరగరమని ఏడవడం మొదలుపెట్టింది.

తెల్లారితే కోడుమూరులో రెడ్డి మేనమామ మనవరాలి పెళ్లి. కర్నూలు నుంచి మెకానిక్కు ఖాదర్ సాయిబు కొత్త బేరింగులు సంచిలో వేసుకొని దిగాడు. జాకీ పెట్టి బండి ఎత్తి, కుడి చక్రం ఊడదీసి, ఇరుసు బయటికి లాగాడు. దాంతోపాటు నల్లటి ముద్ద జారిపడింది. సాయిబు దాన్ని వేళ్ల మధ్య నలిపాడు, వాసన చూశాడు.

"యా అల్లా! ఇది గ్రీజు కాదు రెడ్డీ, కందెన! దీంట్లో మసి బేరింగును నమిలి పారేసినాది. ఎవడప్పా పెట్టింది?"

రెడ్డి కళ్లెర్రజేశాడు. "ఎవడైనా సరే, వాడు ఇంక ఈ జీపెక్కేది లేదు! ఏమిరా లాజరూ, దీన్ని కడిగేది నువ్వే గదా?"

"దేవుని తోడు రెడ్డీ, నీళ్లు తప్ప నేనేం పొయ్యలేదు!" అని జీతగాడు లాజరు చేతులు జోడించాడు.

దాసన్న ఇరకాటంలో పడ్డాడు. నోరు మూసుకుంటే నింద లాజరు మీద పడుతుంది, తెరిస్తే తన డ్రైవరుతనం పోతుంది. మళ్లీ నొగ ఎక్కితే ఊరంతా నవ్వుతుంది, గిడ్డమ్మ బావి దగ్గర తలెత్తుకోలేదు. అయినా ఏం లాభం, లాజరు ముఖం చూసి ఒక అడుగు ముందుకు వేశాడు.

"వాన్ననొద్దు రెడ్డీ. నేనే పెట్టినా. అది కీసుమంటాంటే మనసాగలే. కుడిదానికొక్కదానికే పెట్టినా."

"పో! పోయి ఎద్దులకు మేతెయ్యి!" అన్నాడు రెడ్డి. దాసన్న కళ్లలో నీళ్లు తిరిగాయి.

సాయిబుకు ఈ గొడవేమీ పట్టలేదు. తన పాటికి తాను ఎడమవైపు విప్పాడు. అక్కడా నల్లటి ముద్దే.

"ఈడ కూడా ఉండాది కందెన!"

అందరూ దాసన్న వైపు తిరిగారు. "నా ఎద్దుల మీద ఆన! ఎడమది నేను ముట్టనేలేదు!" అని దాసన్న మొత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే రెడ్డికి దగ్గు తెర వచ్చింది.

అరుగు మీద కూర్చున్న రెడ్డి తల్లి రామలక్ష్మమ్మ గొంతెత్తింది. "ఏమిరా బాలీ, మొన్న నా తలకంటుకునే ఆముదం గిన్నె ఎత్తుకపోయింది దేనికిరా?"

దగ్గు ఆగిపోయింది. "ఎడమది కూడా కీసుమంటాండెమ్మా..." అని రెడ్డి నసిగాడు. "చిన్నప్పుడు నేనూ బండి తోలినోన్నే గదా, ఆ మాత్రం తెలీదా అనుకున్యా."

లాజరు నవ్వు ఆపుకోలేక గోడ చాటుకు పరిగెత్తాడు. సాయిబు మాత్రం కొత్త బేరింగులకు నిజమైన గ్రీజు పట్టించి, రెండువైపులా బిగించి, చక్రాన్ని ఒక్క వేలితో తోశాడు. చప్పుడు లేకుండా తిరిగింది.

పెళ్లిరోజు పొద్దున్నే రామలక్ష్మమ్మ పట్టుచీర కట్టుకొని ముందు సీట్లో కూర్చుంది.

"దాసన్నా, నువ్వు చేసింది నోరు తెరిచి ఒప్పుకుంటివి. ఎక్కి తోలు."

దాసన్న తన చెవులను తానే నమ్మలేక రెడ్డి వైపు చూశాడు. రెడ్డి వెనక సీటు ఎక్కబోయి ఒక కాలు పైన పెట్టాడు.

"నువ్వు యాడికిరా?" అంది తల్లి. "కందెన పెట్టినోడు ఎక్కేది లేదంటివి. వాడు తప్పు ఒప్పుకున్యాడు, నువ్వు దాచిపెట్టి వాన్ని తిడ్తివి. నడిచి రా నాయనా."

ఊరు దాటాక దాసన్న వెనక్కి తిరిగి చూశాడు. పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, చెప్పులు చేతబట్టుకొని, దుమ్ములో రెడ్డి వస్తున్నాడు. దాసన్న మనసు కరిగిపోయింది.

"పాపం అమ్మా, శానా దూరం. జీపు నిలపమంటావా?"

"నీకు అంత పాపమనిపిస్తే నువ్వు కూడా దిగి వానికి తోడు నడువు."

కోడుమూరు చేరేదాకా దాసన్న మళ్లీ వెనక్కి చూడలేదు.