తెంపరి అంటే హీరో కాదు

ఈ రోజు మధ్యాహ్నం అత్తయ్యగారూ నేనూ ఏలూరు నుంచి కైకలూరు బయలుదేరాం. దారిలో కొల్లేరు నీళ్లు రోడ్డెక్కి పారుతున్నాయి. లోతు ఎంతుందో తెలియక డ్రైవరు బస్సు ఆపేశాడు.

అంతలో ఒక కుర్రాడు చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో ఫోన్లో వీడియో తీసుకుంటూ బైకు నీళ్లలోకి పోనిచ్చాడు. కాస్త దూరం వెళ్లేసరికి బండి ఒరిగి ఇద్దరూ పడిపోయారు. బస్సులోవాళ్లు పరుగున వెళ్లి వాళ్లనీ బండినీ ఒడ్డుకు లాగారు. ఫోను మాత్రం కొల్లేటిపాలైంది.

వణికిపోతున్న ఆ పిల్లకి అత్తయ్యగారు తన శాలువా కప్పి, "ఎంత తెంపరివయ్యా నువ్వు" అన్నారు.

అతను తల తుడుచుకుంటూ నవ్వాడు. "తెంపరంటే హీరో అనాండీ?"

నేను బడిలో తెలుగు చెప్పేదాన్ని, ఊరుకోలేకపోయాను. "కాదు బాబూ. ధైర్యం ఉన్నవాడు ముందు లోతు చూసుకుంటాడు. తెంపరి చూసుకోడు. వెనకాల ఒక మనిషి కూర్చుందని కూడా చూసుకోడు."

నవ్వు ఆగిపోయింది. చెల్లెలు మెల్లగా, "నేను బస్సులో వెళ్తాను అన్నయ్యా" అంది.

డ్రైవరు బస్సును వెనక్కి తిప్పాడు. కుర్రాడు బండి ఒక కొట్టు దగ్గర పెట్టి తనూ ఎక్కాడు. ఏలూరు వస్తుండగా, అందరూ వింటుండగానే, "తప్పయిపోయిందే, ఇంకెప్పుడూ చెయ్యను" అన్నాడు చెల్లెలితో.

నేనైతే దాన్ని ధైర్యం అంటాను. మీరేమంటారు?