చావింటికి కాఫీ తీసుకుపోయే ఆడవాళ్ళు

ముందే ఒప్పేసుకుంటే తర్వాత తిట్లు తగ్గుతాయి కాబట్టి చెప్తున్నాను: నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా వీధి కుక్క ఒకసారి మొరిగితే, నా నోట్లో పడి బయటికొచ్చేసరికి ఆ మొరుగు ఆమడ దూరంలోని పూతలపట్టు క్రాస్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు వినిపిస్తుంది. మా నాయన నన్ను చూసి, వీడు పిడికెడు బియ్యంతో పదూళ్ళకు వడ్డిస్తాడు, తిన్నవాడికి మాత్రం ఆకలి తీరదు అనేవాడు. కాబట్టి మీకు తోచినంత తగ్గించుకుని చదువుకోండి. ఎక్కడెక్కడ పెంచానో అన్నీ చెప్పడం నా వల్ల కాదు. ఎక్కడ కల్పించానో మాత్రం చివర్లో చెప్తాను.

చిత్తూరులో నాకు చిన్న ఫ్లెక్సీల షాపు ఉంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు కూడా వేస్తాను గానీ, నా ఇల్లు నడిపేది చచ్చినవాళ్ళే. మా ఊళ్ళో మనిషి పోయిన గంటకల్లా వీధి మొదట్లో ఆయన నవ్వుతూ నిలబడాలి, కింద 'కన్నీటి అంజలి' అని ఉండాలి. కొందరి ఫోటోలు డాక్టరు పెదవి విరవక ముందే నా కంప్యూటర్లో సిద్ధంగా ఉంటాయి. షాపు ముందర రెండు బల్లలు. సాయంత్రమైతే పది మంది వాటి మీద చేరి నా మాటలకు నవ్వాలి. ఆ నవ్వు వినకపోతే నాకు అన్నం సహించదు.

ఇరవై రెండేళ్ళుగా ఆ నవ్వుకు ముడిసరుకు మా ఆవిడ. ఆమె మాట్లాడదు. తాళి కట్టేటప్పుడు 'కొంచెం వదులుగా' అంది, మళ్ళీ నోరు తెరిచింది మా అమ్మాయి పుట్టినప్పుడే అని చెప్పేవాణ్ణి. చుట్టాలొస్తే ఆమె వంటింటి తలుపు వెనక నిలబడుతుంది. నిలబడి నిలబడి ఆ తలుపుకు చీర రంగు అంటుకుందనేవాణ్ణి. ఎప్పుడైనా నలుగురిలో మాట్లాడాల్సి వస్తే ఆమె గొంతు వణుకుతుంది. ఆ వణుకును ఆమె ఎదుటే అనుకరించి చూపించేవాణ్ణి. ఆమె గ్లాసులు అందించి లోపలికి పోయేది. ఎవరైనా పాపం అబ్బా అంటే, ఆమెకు అర్థం కాదులే అనేవాణ్ణి.

మా వీధిలో ఆడవాళ్ళ సంఘం ఒకటుంది. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన పెద్దామె దానికి నాయకురాలు. చర్చికి పోయేవాళ్ళు ముగ్గురు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఐదుగురు. వాళ్ళ పని చావిళ్ళకు పోవడం. మా వైపు మనిషి పోతే మూడోనాడు శ్మశానంలో పాలు పోసే దాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. అన్నాళ్ళూ అన్నం, చారు, తాలింపు లేని పప్పు వండి ఆ ఇంటికి మోసుకుపోయేది వీళ్ళే. చుట్టమా, కులమా, మతమా అని చూడరు.

అందులో కష్టమైన పని వంట కాదు. పోయినవాడి భార్యకో తల్లికో ఒక గ్లాసు కాఫీ తాగించడం. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, ఏడవొద్దమ్మా, మన చేతిలో ఏముంది, పిల్లల ముఖం చూడు అని అరగంట చెప్తారు. ఆ మనిషి గ్లాసు తోసేస్తుంది. ఒకరోజు మనుషులు చాలక పెద్దామె మా ఆవిణ్ణి పిలుచుకుపోయింది. మా ఆవిడ ఫ్లాస్కు పట్టుకుని ఏడ్చే మనిషి పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో తెలీదు కాబట్టి ఏమీ చెప్పలేదు. గంట కూర్చుంది. నేను మూడు గంటలని చెప్తూ ఉంటాను. ఆఖరికి ఆ మనిషే గ్లాసు కోసం చెయ్యి చాపింది.

అప్పట్నుంచి ఆ పని మా ఆవిడదే అయింది. సంఘంలో తొమ్మిదో మనిషి అయింది. నెలలు గడిచేకొద్దీ ఆమె వంటింటి తలుపు వెనక నుంచి ముందుకు జరిగింది. ఒక చావింట్లో వాకిట కూర్చుని పేకాడుతున్న మగవాళ్ళను లేపి, కుర్చీలు ఇంటి వెనక్కి వేసుకోమందని నాకు కబురొచ్చింది. వాళ్ళు లేచారట కూడా. నాకు ఒళ్ళు మండింది. ముడిసరుకే నోరు విప్పితే నా వ్యాపారం ఏం కావాలి?

సరిగ్గా అప్పుడే నాకు కొత్త సరుకు దొరికింది. చావింటి నుంచి వచ్చేటప్పుడు 'పోయొస్తాం' అనకూడదని పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. చెప్పకుండా లేచి రావాలి, వెనక్కి చూడకూడదు. మా ఆవిడ ఒక ఇంట్లో పనంతా ముగించి, గడప దగ్గర చేతులు జోడించి, "పోయొస్తామక్కా, మళ్ళా వస్తాం" అంది. ఇంట్లో ఏడుపు ఠక్కున ఆగింది. లోపల మంచం పట్టిన తాత, ఎవరి కోసరం అని అడిగాడు.

సాయంత్రం ఇది చెప్తే బల్లల మీదవాళ్ళు కింద పడి దొర్లారు. వారంలో ఆ కథ నగరి మగ్గాల దాకా పోయింది. తిరుమల కొండ మీద గుండు చేయించుకుంటూ విన్న ఒకాయన నవ్వు ఆపుకోలేక నెత్తిన రెండు గాట్లు పెట్టించుకున్నాడు. కూరగాయల బండి దగ్గర మా ఆవిడ కనిపిస్తే, మా ఇంటికి మాత్రం మళ్ళా రావద్దమ్మా అని జనం చేతులెత్తి మొక్కేవాళ్ళు.

కొన్నాళ్ళకు వెనక వీధిలో లారీ నడిపే ఒకతను గుండె ఆగి పోయాడు. నలభై నిండలేదు. నేను వాళ్ళ గేటు పక్కన స్తంభానికి ఫ్లెక్సీ కడుతున్నాను. సంఘంవాళ్ళు గిన్నెలతో వచ్చారు. పోయినవాడి తల్లి, ముసలామె, గడపకడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఎనిమిది మందికి దారి ఇచ్చి, మా ఆవిడ దగ్గర మళ్ళీ కాళ్ళు చాపింది.

"మళ్ళొస్తాననే ఆమె నువ్వే గదా. నా గడప తొక్కద్దు. నాకింకా ఒక కొడుకుండాడు."

పెద్దామె వెనక్కి వచ్చింది. "అత్తా, ఆ పొద్దు నేను పక్కనే నిలబడుండా. ఈమె ఆ మాట అన్లేదు."

సంఘం పరువు కోసం పెద్దామె అబద్ధమాడింది. ముసలామె ఆ మాట పట్టించుకోకుండా నా వైపు తిరిగింది.

"ఏమప్పా, ఊరంతా చెప్పింది నువ్వే గదా. అనిందా, లేదా?"

కుర్చీల్లో నలభై మంది మగవాళ్ళు. మా ఆవిడ ఫ్లాస్కు గుండెలకు పట్టుకుని నన్ను చూసింది. ఇరవై రెండేళ్ళలో ఆమె నన్ను ఏదీ అడిగి ఎరగదు. ఇప్పుడు ఒక్క మాట కావాలి. అది లేకపోతే ఈ ఇల్లే కాదు, ఊళ్ళో ఏ ఇంటి గడపా ఆమెకు మిగలదు. నేను పళ్ళతో పట్టుకున్న తాడు తీసి, "మనిషి మాట్లాడేదే ఏడాదికొకసారి అత్తా. ఆ ఒక్కటీ లేదనమంటావా?" అన్నాను.

నవ్వారు. శవం లోపల ఉండగా ఇద్దరు ముగ్గురు గట్టిగానే నవ్వారు. సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. పడలేదు. చావింట్లో కూడా నవ్వించగలిగానని ఒళ్ళు పులకరించింది. మా ఆవిడ ఫ్లాస్కు పిట్టగోడ మీద పెట్టి ఇంటికి పోయింది.

పోయినవాడి భార్య ఆ రోజు ఏమీ ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. ఎనిమిది మందీ వంతులేసుకుని కూర్చుని, ఉన్న ఓదార్పు మాటలన్నీ ఖర్చు పెట్టారు. మూడోనాడు పొద్దున పెద్దామె ఆ ఫ్లాస్కు తీసుకుని మా ఇంటికొచ్చింది. ఆ పిల్ల పడిపోయేలా ఉంది, రాగలవా అని మాత్రం అడిగింది. మా ఆవిడ ఫ్లాస్కు కడిగి కాఫీ పోసుకుని బయలుదేరింది. నేనూ వెనకే పోయాను. సాయంత్రానికి సరుకు కావాలి కదా.

ముసలామె అదే గడపలో ఉంది. మా ఆవిడ ఎదురుగా నిలబడింది. గొంతు వణికింది, నేను అన్నేళ్ళు అనుకరించిన వణుకే. అయినా ఆపలేదు.

"అత్తా, ఆ మాట నేనన్లేదు. అన్నానని చెప్పింది నా మొగుడు. ఆయన మాటకు నవ్వుకోండి, కావాలంటే రోజూ నవ్వుకోండి. ఆయన మాట నమ్మి నీ కోడలి కడుపు మాత్రం ఎండబెట్టొద్దు."

ఎవరూ నవ్వలేదు. నలభై తలలు నా వైపు తిరిగాయి. ముసలామె చాపిన కాళ్ళు ఒక్కొక్కటిగా ముడుచుకుంది. మా ఆవిడ లోపలికి పోయింది. గంట తర్వాత ఖాళీ గ్లాసు బయటికొచ్చింది.

ఇప్పుడు చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఎవరు పోయినా ముందు మా ఆవిడకు కబురొస్తుంది, తర్వాతే నాకు. నా షాపు బల్లల మీద సాయంత్రం ఇద్దరే కూర్చుంటారు. వాళ్ళలో ఒకతనికి చెవుడు.

ఇక కల్పించిందేదో చెప్పాలి. గుండు మీద గాట్లు, నలభై మంది, చెవుడు, ఇవన్నీ పెంచినవి. కల్పించింది ఒక్కటే. పెద్దామె అబద్ధమాడలేదు. మా ఆవిడ ఆ రోజు గడప దగ్గర ఏమీ అనలేదు. మంచం మీద తాతా లేడు. జరిగింది ఇంతే: ఆమె ఇంటికొచ్చి స్నానం చేసి, తడి జుట్టుతోనే నా పక్కన కూర్చుంది. "ఈ పొద్దు వచ్చేటప్పుడు అలవాటుకొద్దీ పోయొస్తామనే మాట నాలిక కొస దాకా వచ్చేసినాది. గబుక్కున మింగేసినా. నాకూ పని వచ్చేసినట్టే ఉండాది సూడండి" అని నవ్వింది. తనంతట తానుగా వచ్చి నాకు చెప్పుకున్న మొదటి సంగతి అది. ఆమె మింగిన మాటను నేను బయటికి లాగి ఊరంతా పంచాను.

ఇప్పుడూ చావిళ్ళకు పోతుంది, వస్తుంది, స్నానం చేస్తుంది. తడి జుట్టుతో పెద్దామె ఇంటికి పోతుంది. అక్కడి వసారాలో తొమ్మిది మంది నవ్వు మా ఇంటి దాకా వినిపిస్తుంది. ఏం చెప్పి నవ్వించిందో నాకు తెలీదు.